తెల్లకొండ నెక్కిన యిద్దరు

మన తెలుగునాట కొండలకు కొదువ లేదు. సెలవు దినమున చద్దిమూట కట్టుకొని తెల్లవారుజామున బయలుదేరి, మధ్యాహ్నమునకు కొండకొమ్ము చేరి, ప్రొద్దు క్రుంకకమునుపే ఇల్లు చేరుట మీలో ననేకులకు అనుభవమే. అయితే మన కొండలలో ఏదియు 2,000 మీటర్ల ఎత్తు గలది కాదు. వానిపై మంచుగడ్డ నిలువదు. ఐరోపాఖండమునందలి ఆల్ప్సు పర్వతములు అట్టివి కావు. అందలి ఉన్నత శిఖరములు ఏడాది పొడవునను మంచుతో కప్పబడి యుండును. ఆ శిఖరములలో నెల్ల ఎత్తైనదానిని ఫ్రెంచివారు ‘మోఁ బ్లాఁ’ అందురు. మన భూగోళ పుస్తకములలో అది ‘మౌంట్ బ్లాంక్’ అని కనబడును. ఆ పేరునకు తెల్లకొండ యని యర్థము.

తెల్లకొండ ఫ్రాన్సు, ఇటలీ దేశముల సరిహద్దున నున్నది. దాని కొననున్నది రాయి కాదు, మంచు. ఆ మంచు గాలికిని ఎండకును పెరుగుచు తరుగుచు నుండును గావున కొండ యెత్తును మాటిమాటికి కొలుచుచుందురు. 2021వ సంవత్సరమున అది 4,807.81 మీటర్లు, 2023లో కొలిచినపుడు 4,805.59 మీటర్లు. కొండ పాదమున షామొనీ అను గ్రామము కలదు. నేడది ఫ్రాన్సులోనిదే కాని, ఈ కథ జరిగిన కాలమున సార్డీనియా రాజు ఏలుబడిలో నుండెను.

1760వ సంవత్సరమున జెనీవా నగరమునుండి సోస్యూర్ అను యువకుడు షామొనీకి వచ్చెను. అప్పటికి అతనికి ఇరువది యేండ్లు. ప్రకృతిశాస్త్రమన్న అతనికి ప్రాణము. తెల్లకొండను చూచినంతనే, దాని శిఖరమున నిలిచి గాలి బరువును వేడిమిని కొలువవలెనను కోరిక అతనికి కలిగెను. శిఖరమునకు దారి కనుగొన్నవారికి మంచి బహుమానము నిత్తునని అతడు చుట్టుప్రక్కల గ్రామములలో ప్రకటింపజేసెను. కాని ఆ బహుమానమును పొందువాడు ఇరువదియాఱేండ్ల వరకు కనబడలేదు.

ఇంత యాలస్యమునకు కారణమేమి? దానిని తెలిసికొనుటకు ముందు హిమానీనద మననేమో తెలిసికొనవలెను. మిక్కిలి యెత్తైన చోట్ల కురిసిన మంచు వేసవిలోను పూర్తిగా కరగదు. ఏటికేడు దానిపై క్రొత్త మంచు పడుచుండును. పైభారమునకు అడుగుమంచు అణగి గట్టి గడ్డయగును. చూచుటకు ఆ గడ్డ కదలని రాతివలె నుండును. కాని తన బరువునకు తానే లొంగి పల్లమువైపు మెల్లమెల్లగా జారుచుండును. అందుచేతనే దానిని నదమనిరి. అడుగునేల మిట్టపల్లములుగా నున్నచోట ఆ గడ్డ వంగజాలక నెఱియలు విచ్చును. ఆ నెఱియలలో తాటిచెట్టు మునుగునంతటి లోతైనవి కలవు. వానిపై క్రొత్తమంచు పలుచని వంతెనవలె కప్పుకొని యుండును. తెల్లవారుజామున ఆ వంతెన గడ్డకట్టి మనుష్యుని మోయును. మధ్యాహ్నపుటెండకు మెత్తబడి కూలిపోవును. కావున హిమానీనదముపై నడచువాడు కాలినే కాదు, కాలమును గూడ కనిపెట్టి నడువవలెను.

షామొనీ గ్రామము సముద్రమట్టమునకు 1,035 మీటర్ల ఎత్తున నున్నది. అచటినుండి శిఖరము చేరుటకు 3,700 మీటర్లకు మించి ఎక్కవలెను. అలిపిరినుండి తిరుమలకు మెట్లదారిని ఒకే దినమున నాలుగు మారులకు పైగా ఎక్కినదానితో ఇది సమానము. అదియు మెట్లపై కాదు, మోకాలిలోతు మంచులో. పైకి పోయినకొలది గాలి పలుచనగుచుండును. శిఖరముపై గాలి ఒత్తిడి సముద్రతీరమున నుండుదానిలో సగమునకు కొంచెమే యెక్కువ. అచట పది అడుగులు వేసినంతనే ఊపిరి చాలక నిలువవలసివచ్చును.

ఇన్ని కష్టములకు తోడు షామొనీ వాసులలో గట్టి నమ్మకమొకటి యుండెను. రాత్రివేళ హిమానీనదముపై నిలిచినవాడు తెల్లవారునప్పటికి బ్రతికియుండడని వారు తలచిరి. కావున ఎవరు పోయినను ఒకే పగటిలో మంచుపై పోయి, చీకటి పడకమునుపే మంచు దాటి రావలెననియే యత్నించిరి. 1775లో నలుగురు గ్రామస్థులు పోయి, మంచుపై పడిన యెండ తాపమునకు సొమ్మసిల్లి తిరిగివచ్చిరి. 1783లో మఱి ముగ్గురు పోయిరి. వారిలో నొకనికి ఆపుకొనరాని నిద్రమత్తు కమ్మెను. అతనిని విడువజాలక మిగిలిన యిద్దరును వెనుదిరిగిరి. మరల పోవలసివచ్చిన తిండి తీసికొనిపోను, ఎండకు గొడుగును, వాసన చూచుటకు అత్తరు సీసాయు చాలునని వారిలో నొకడు పలికెనట! మంచుకొండపై ఎండదెబ్బ యేమని మనకు నవ్వు వచ్చును. కాని తెల్లని మంచు ఎండను అద్దమువలె తిరుగగొట్టును. గాలి నిలిచిన పల్లములలో ఆ వేడిమి భరింపరానిదగును.

ఆ నమ్మకము అనుకొనకుండ ఒకనివలన తొలగిపోయెను. జాక్ బాల్మా యను యువకుడు కొండసందులలో స్ఫటికములు వెదకి అమ్ముకొనుచు, కొండమేకలను వేటాడుచు జీవించువాడు. వయస్సు ఇరువదినాలుగేండ్లు. 1786 జూను నెలలో అతడు కొందఱు మార్గదర్శులతో కూడ పైకి పోయెను. వారు తిరిగి దిగిపోవునప్పటికి అతడు వెనుకబడి ఒంటరివాడయ్యెను. అంతలో చీకటి పడెను. దిగుటకు వీలులేక ఆ రాత్రియంతయు అతడు మంచుమీదనే గడపెను. మఱునాడు ప్రాణములతో గ్రామమునకు దిగివచ్చెను. మంచుపై రాత్రి గడపినవాడును బ్రతుకవచ్చునని ఆనాడు తేలిపోయెను. పెద్దలనుండి విన్నమాట యెల్ల అనుభవముచేత పరీక్షింపబడిన మాట కాదని దీనివలన మనము గ్రహింపవలెను.

అదే గ్రామమున మిషెల్ గాబ్రియేల్ పకార్ అను వైద్యుడు ఉండెను. ఆయన వయస్సు ఇరువదితొమ్మిదేండ్లు. ట్యూరిను నగరమున వైద్యము చదివి వచ్చినవాడు. ఆయనకు బహుమానముపై ఆశ లేదు. శిఖరమున వాయుభారమును, ఉష్ణమును కొలిచి చూడవలెననునదే ఆయన సంకల్పము. అందులకై అంతకు మున్నే పలుమారులు కొండపై దారి వెదకెను. దూరదర్శినితో కొండను చూచి, ఏ వాలున మంచు ఎట్లున్నదో పరిశీలించుచుండెను. కొండను ఎరిగిన వేటకాడును, కొండను చదివిన వైద్యుడును కలిసికొనిరి. ఎవరికిని చాటి చెప్పక ఇద్దరే పోవుటకు నిశ్చయించుకొనిరి.

1786 ఆగస్టు 7వ తేది సాయంకాలమునకు వారు రెండు హిమానీనదముల నడుమ నున్న కొండవెన్నుపైకి చేరి, మంచు మొదలగుచోటనే పడుకొనిరి. మఱునాడు ఉదయము నాలుగు గంటలకే లేచి మంచుమీద అడుగు పెట్టిరి. వారికి త్రాళ్లు లేవు. మంచు చెక్కు గొడ్డళ్లు లేవు. చేతిలో ఇనుపమొన గల పొడుగైన కఱ్ఱలు మాత్రముండెను. వైద్యుడు వాయుభారమాపకమును, ఉష్ణమాపకమును, దిక్సూచిని వెంట తెచ్చుకొనెను. నెఱియలు దాటునపుడు కాలిక్రింది మంచువంతెనలు పలుమారులు కూలినవి. కూలినప్పుడెల్ల చేతికఱ్ఱను అడ్డముగా పడవైచి, దానిమీద వ్రాలి వారు ప్రాణములు దక్కించుకొనిరి.

మధ్యాహ్నమునకు వారు విశాలమైన మంచుమైదానమును చేరిరి. అచట మంచు పైపెచ్చు గట్టిగను, లోపల మెత్తగను ఉండెను. అడుగు వేసిన పెచ్చు విఱిగి కాలు దిగబడును. ముందు నడచువాడు దారి త్రొక్కవలెను. వెనుకవాడు ఆ గుంటలలో అడుగు వేసికొని రావచ్చును. ఎల్లప్పుడు నొక్కడే ముందు నడిచిన ఎంతటి బలశాలియైనను కూలబడును. కావున ఇద్దరును వంతులవారీగా ముందు నడచుచు దారి త్రొక్కిరి. బాల్మాకు మఱియొక దిగులు లోపల తొలచుచుండెను. ఇంటివద్ద అతని పసిబిడ్డ జబ్బుపడి యుండెను. అయినను అతడు వెనుదిరుగలేదు.

గ్రామమున జనులు దూరదర్శినులతో చూచుచుండిరి. ఆనాడు గెర్స్‌డోర్ఫ్ అను జర్మను ప్రభువు అచటికి యాత్రార్థమై వచ్చియుండెను. ఆయన తన దూరదర్శినిని కొండవైపు త్రిప్పి, ఆ రెండు చుక్కలు ఎచ్చట ఎప్పుడు కనబడినదియు నిమిషములతోసహా వ్రాసికొని, వారు పోయిన దారిని పటముగా గీచికొనెను. శిఖరము సమీపించునప్పటికి గాలి విసరి వైద్యుని టోపీని ఎగురగొట్టెను. సాయంకాలము 6 గంటల 23 నిమిషములకు ఇద్దరును శిఖరముపై నిలిచిరి. అంతవఱకు మానవుని పాదము సోకని చోటది. వారచట అరగంటకు పైగా నిలిచిరి. వ్రేళ్లు చలికి కొంకరలు పోవుచుండగనే వైద్యుడు తన సాధనములను చూచి లెక్కలు వ్రాసికొనెను.

విద్యార్థులారా! శిఖరము చేరుటతో కథ ముగిసెనని తలపకుడు. ఎక్కినవాడు దిగవలెను. సూర్యుడు అస్తమింపబోవుచుండెను. కాలిక్రింద నాలుగువేల మీటర్లకు పైబడిన ఎత్తు, శరీరములు అలసినవి. వారి యదృష్టవశమున ఆ రాత్రి వెన్నెల కాసెను. వెన్నెలలో తమ అడుగుజాడలనే పట్టుకొని అర్ధరాత్రమునకు వారు తొల్లి పడుకొన్నచోటికి చేరిరి. తెల్లవారునప్పటికి వైద్యునకు చూపు లేదు. పగలెల్ల మంచుపై మెఱసిన వెలుతురు ఆయన కన్నులను దెబ్బతీసెను. బాల్మా ఆయనకు తోడై గ్రామమునకు దింపుకొని వచ్చెను. పైకి పోవునపుడు ఇద్దరు పంచుకొన్న దారి, దిగునపుడు ఒకని కన్నులు ఇద్దరికి వెలుగైన దారి యయ్యెను. కొన్ని దినములకు వైద్యునకు చూపు మరల వచ్చెను. కాని బాల్మా ఇల్లు చేరునప్పటికి అతని పసిబిడ్డ లేదు. తండ్రి శిఖరముపై నిలిచిన దినముననే ఆ శిశువు కన్నుమూసెను.

మఱుసటి యేడు, 1787 ఆగస్టు 3వ తేదిని సోస్యూర్ బాల్మాను మార్గదర్శిగా చేసికొని, పదునెనమండుగురు మార్గదర్శులతో శిఖరము నెక్కి, నాలుగు గంటలకు పైగా అచట పరిశోధనలు చేసెను. యౌవనమున కోరిన కోరిక నలువదియేడవ యేట అతనికి నెఱవేరెను. ఇంతవఱకు అంతయు శుభమే.

ఇక విచారింపదగిన విషయము వినుడు. జెనీవాలో బూరీ యను రచయిత యుండెను. అతడును తెల్లకొండ నెక్కగోరి పలుమారులు విఫలుడైనవాడు. ఇద్దరు గ్రామస్థులు తనకంటె ముందు ఎక్కుట అతడు సహింపలేకపోయెను. విజయమంతయు బాల్మాదే యనియు, వైద్యుడు చేతగాక వెనుకబడగా బాల్మా అతనిని లాగుకొని పోయెననియు తోచునట్లు ఒక లేఖ వ్రాసి ప్రచురించెను. బహుమానము బాల్మాకు లభించెను. రాజు గూడ అతనిని సన్మానించెను. కాలము గడచినకొలది బాల్మాయే ఆ మాటలను నమ్మినట్లు చెప్పసాగెను. 1832లో ప్రసిద్ధ నవలాకారుడగు అలెగ్జాండర్ డ్యూమా షామొనీకి రాగా, వృద్ధుడైన బాల్మా తాను ఒంటరిగా శిఖరము చేరి, పిదప క్రిందికి దిగి వైద్యుని పైకి తెచ్చితినని కథ చెప్పెను. ఆ రచయిత కలము చేత ఆ కథ లోకమంతట వ్యాపించెను. దానిని ఖండించుటకు పకార్ లేడు. ఆయన 1827లోనే మరణించెను.

1887లో షామొనీ గ్రామమధ్యమున ఒక గొప్ప శిల్పమును నిలిపిరి. అందు బాల్మా చేయి చాచి సోస్యూరునకు శిఖరమును చూపుచుండును. వైద్యునకు అందు తావు లేదు.

నేను పాఠశాలలో ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు పాఠములు చెప్పినవాడను. ఇద్దరు కూర్చుండి చేసిన లెక్కకు ఒక్కడే చేయి యెత్తి నిలిచిన సందర్భములు నేను ఎన్నో చూచితిని. రెండవవాడు తలవంచుకొని మౌనముగా నుండును. చేయి యెత్తినవాడు దొంగ కాడు, అతడును కష్టపడినవాడే. కాని సగము కష్టమునకు పూర్తి కీర్తిని పుచ్చుకొనుట, ప్రక్కవాని సొమ్ము పుచ్చుకొనుట వంటిదే. బాల్మా ధైర్యశాలి, దయగలవాడు. చూపులేని తోడివానిని విడువక దింపి తెచ్చినవాడు. అట్టివాడును పొగడ్తల నడుమ ఈ యొక్క విషయమున జారెను. మంచుపై జారని కాలు కీర్తిపై జారెను.

సత్యము మాత్రము నశింపలేదు. శతాబ్దము గడచిన పిమ్మట పండితులు గెర్స్‌డోర్ఫ్ దినచర్యను వెదకి తీసి పరిశీలించిరి. ఆయన నిమిషములతో వ్రాసిన వ్రాతలును, గీచిన పటమును సాక్ష్యము పలికినవి. ఇద్దరును కలిసియే శిఖరము నెక్కిరనియు, వైద్యుడు ఎవరి లాగుడుకును లొంగక తన కాళ్లతోనే నడిచెననియు తేలినది. తొలి యారోహణము జరిగిన రెండువందల యేండ్లకు, 1986లో, షామొనీలో పకార్ విగ్రహమును గూడ ప్రతిష్ఠించిరి.

హిమానీనదమునకు గూడ ఇట్టి స్వభావమే కలదు. తనలో పడినదానిని అది చిరకాలము దాచును. కాని యెన్నడో ఒకనాడు తిరిగి యిచ్చును. 1820లో హామెల్ అను వైద్యుని వెంట తెల్లకొండ నెక్కుచున్న ముగ్గురు మార్గదర్శులు మంచుచరియ విఱిగిపడి నెఱియలో పడిపోయిరి. హిమానీనదముల కదలికను కొలిచిన ఫోర్బ్స్ అను స్కాట్లండు శాస్త్రజ్ఞుడు, వారి శేషములు సుమారు నలువదియేండ్లకు క్రింద బయటపడునని ముందుగనే చెప్పెను. ఆయన చెప్పినట్లే 1861లో అవి బొస్సోన్ హిమానీనదము పాదమున బయల్పడినవి.

ఈ కొండతో మన దేశమునకును ఒక దుఃఖకరమైన సంబంధము కలదు. 1966 జనవరి 24వ తేదిని ‘కాంచనగంగ’ అను పేరుగల ఎయిరిండియా విమానము తెల్లకొండకు తగిలి కూలెను. అందున్న 117 మందియు మరణించిరి. మన దేశమున అణుశాస్త్ర పరిశోధనకు పునాది వేసిన హోమీ భాభా వారిలో నొకరు. 2012లో ఆ విమానములోని భారత ప్రభుత్వపు తపాలాసంచి మంచునుండి బయటపడెను. 2020లో ఇందిరాగాంధి ప్రధానమంత్రి యైన వార్తను ప్రకటించిన 1966 నాటి వార్తాపత్రికలు, చదువుటకు వీలైన స్థితిలోనే దొరకినవి. అర్ధశతాబ్దమునకు పైగా దాచిన ఉత్తరములను హిమానీనదము తెచ్చి యిచ్చినది!

ఆ తెల్లకొండను ఒక్క పగటిలో ఎక్కి దిగవచ్చునా యని మీరు అడుగవచ్చును. దిగినవారు కలరు. 2013లో కిలియన్ జోర్నెట్ అను స్పెయిను దేశీయుడు షామొనీనుండి శిఖరమునకు పోయి 5 గంటలు నిండకమునుపే తిరిగివచ్చెను. కాని అది చిన్ననాటనుండి కొండలలో పెరిగి, ఏండ్ల తరబడి సాధన చేసినవానికే చెల్లును. సామాన్యులు నేడును మార్గదర్శులతో కూడి, త్రాటితో ఒకరినొకరు కట్టుకొని, దారిలోని వసతిగృహమున రాత్రి గడపి, వేకువకు మున్నే మంచుపై అడుగు పెట్టుదురు. పూర్వులు భయపడిన రాత్రియే నేటివారికి విశ్రాంతి నిచ్చుచున్నది. భూతాపము పెరిగి హిమానీనదములు కుదించుకొనుచు, రాళ్లు సడలి దొర్లుచున్నవి గావున వేసవిలో ఆ దారి మునుపటికంటె అపాయకరమైనది. మబ్బు కమ్మినను, వేళ మించినను శిఖరము కనుచూపు మేరలో నున్నను వెనుదిరుగువాడే వివేకవంతుడు.

ఆ త్రాడును మీరు మనస్సున నుంచుకొనుడు. నేడు తెల్లకొండ నెక్కువారిని అది ఒకరికొకరిని కట్టియుంచును. ఒకడు జారిన రెండవవాడు నిలుపును. బాల్మాకును పకారునకును అట్టి త్రాడు లేకపోయెను. అయినను ఆ పగలు, ఆ రాత్రి వారు ఒకరినొకరు విడువలేదు. దిగివచ్చిన పిమ్మటనే ఆ కట్టు తెగిపోయెను. మీరు జీవితమున ఏ శిఖరము నెక్కినను, మీతో దారి త్రొక్కినవాని పేరును మీ పేరుతో కూడ చెప్పుడు.

ప్రశ్నలు

1. షామొనీ వాసులు ఒకే పగటిలో తెల్లకొండ నెక్కి దిగవలెనని యేల యత్నించిరి? వారి నమ్మకము ఎట్లు తొలగెను?
2. హిమానీనదము ఎట్లు ఏర్పడును? దానిపై తెల్లవారుజామున నడచుట యేల మేలు?
3. బాల్మా, పకార్ శిఖరము నెక్కి దిగిన విధమును మీ సొంత మాటలలో వ్రాయుడు.
4. గెర్స్‌డోర్ఫ్ వ్రాతలవలన ఏ సత్యము వెల్లడియైనది?
5. “మంచుపై జారని కాలు కీర్తిపై జారెను.” ఈ వాక్యమును సందర్భసహితముగా వివరింపుడు.